ముయ్యి, చదివింపు, దానము: చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతముల పెండ్లికానుకలను గూర్చి

వివాహమును గూర్చి మన భాషలో వెలువడిన రచనలు తక్కువగావు. గృహ్యసూత్రముల ననుసరించి ప్రయోగవిధిని వివరించినవి కొన్ని. పెండ్లిపాటలను, అప్పగింతపాటలను సేకరించినవి కొన్ని. కావ్యములందలి వివాహవర్ణనలను పరిశీలించినవి మఱికొన్ని. కాని పెండ్లిపందిటిలో ఒక మూల కూర్చుండి ఒకడు వ్రాయుచుండు పుస్తకముపై మన పరిశోధకుల దృష్టి అంతగా ప్రసరింపలేదు. పుస్తె కట్టుట, తలంబ్రాలు పోయుట ముగిసిన పిదప బంధుమిత్రులు వరుసగా వచ్చి పైకము చెల్లింతురు. ఆ వ్రాయసకాడు పేరు, ఊరు, మొత్తము వ్రాసికొనును. హైదరాబాదు నగరమునకు పడమటనున్న చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతములలోను, తెలంగాణమున పెక్కుచోట్లను దీనిని ‘కట్నాలు వ్రాయించుట’ యందురు. కోస్తా జిల్లాలలో ‘చదివింపులు’ అను మాట హెచ్చు వాడుక. మూడే గడులు గల ఆ పుస్తకము ఒక కుటుంబమునకు ఎవరెవరితో ఎంతెంత సంబంధమున్నదో చెప్పు పత్రము. శాసనములందు దాతల పేళ్ళను శ్రద్ధతో వెదకు మనము ఈ కాగితపు శాసనమును విడిచిపెట్టుట తగదు.

ఇటీవల చదువుకొనిన నూతన దంపతులలో కొందఱికి ఒక సదుద్దేశము కలుగుచున్నది. పెండ్లికి వచ్చిన పైకమును విహారములకు, గృహాలంకారములకు వెచ్చింపక కొంతయైనను పరుల కుపయోగించునట్లు వినియోగింపవలెనని వారి కోరిక. బడికి పుస్తకములు కొనియిచ్చుట, దిక్కులేని పిల్లల భోజనమునకు ఇచ్చుట, ఊరిచెఱువు పూడిక తీయించుట, పేదపిల్ల చదువునకు తోడ్పడుట వంటివి వారు తలపెట్టుచున్నారు. కోరిక మంచిదే. కాని ఆ పైకము ఎవరిది? ఏ షరతుమీద వారి చేతికి వచ్చినది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పుకొనక చేసిన ఔదార్యము ఒక్కొక్కప్పుడు ఇతరుల మూపున భారమై కూర్చుండును. పదచరిత్ర, స్థలచరిత్ర, ధర్మశాస్త్రచరిత్రల సాయమున ఈ ప్రశ్నలను ఇచ్చట పరిశీలింప యత్నించెదను.

మొదట పదములు. నేడు ‘కట్నము’ అనగానే వరకట్నము స్ఫురించుచున్నది. పూర్వుల వాడుకలో కట్నమనగా కానుక, బహుమానము. బ్రౌను నిఘంటువునందును ఈ విశాలార్థము కలదు. పల్లెలలో ఇరుగుపొరుగువారు వ్రాయించు నూటపదార్లను సైతము కట్నమనుటలో ఆ ప్రాచీనార్థమే నిలిచియున్నది. ఆడుబిడ్డకు పుట్టినింటివా రిచ్చునది అరణము. ఇది ‘హరణ’ శబ్దమునకు వికృతి. భారతాదిపర్వమున సుభద్రావివాహానంతరము యాదవులు ఇంద్రప్రస్థమునకు కానుకలు తెచ్చిన భాగమునకు హరణాహరణ పర్వమనియే పేరు. వరునిపక్షము కన్యపక్షమునకు చెల్లించునది ఓలి, ఉంకువ. గురజాడ ‘కన్యాశుల్కము’ 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చుపడిన నాటికి ఆ నాటకము చూపిన సమాజమున పైకము ప్రవహించిన దిశ ఒకటి. రెండు మూడు తరములలో ఆ దిశ తలక్రిందైనది. వీనిని గూర్చి చర్చ విస్తారముగ జరిగినది గనుక ఇంతటితో విడిచెదను.

మన పరిశీలనకు ముఖ్యమైన మాట ‘ముయ్యి’. బహుమానమునకు బదులుగా నిచ్చు బహుమానమనియు, ప్రతీకారమనియు దీనికి అర్థములు. ‘ముయ్యికి ముయ్యి’ అను పలుకుబడి తెలిసినదే. కన్నడమునను ఇదే మాట కలదు. శుభకార్యములందు ఇచ్చిపుచ్చుకొను కానుకకును, పగతీర్చుకొనుటకును అచ్చట అదియే పేరు. తమిళమున దీనికి సోదరపదము ‘మొయ్’. పెండ్లిలో వ్రాయించు పైకమును తమిళులు నేటికిని మొయ్ అనియే పిలుతురు. పుదుక్కోట, తంజావూరు ప్రాంతములలో పెండ్లియే లేకున్నను, తాము పూర్వము ఇతరుల కిచ్చిన పైకము తిరిగి వచ్చుటకై ‘మొయ్ విందు’ అను భోజనోత్సవము చేయు ఆచారము ప్రబలియున్నది. విస్తళ్ళు ఒకవైపు, పైకము లెక్కించు బల్లలు ఒకవైపు! మన ఆచారమునందు మఱుగుపడియున్న అంతరార్థము అచ్చట నగ్నముగ కనిపించును.

కానుకకును పగకును ఒక్క మాట యుండుట వింతగా తోచవచ్చును. ఫ్రెంచి సామాజికశాస్త్రజ్ఞుడు మార్సెల్ మోస్ 1925లో ప్రకటించిన దానవిషయక వ్యాసమున, ఇచ్చుట, పుచ్చుకొనుట, తిరిగి యిచ్చుట అను మూడును ప్రాచీనసమాజములందు తప్పనిసరి విధులని నిరూపింప యత్నించెను. జర్మను కుటుంబపు భాషలలో ‘గిఫ్ట్’ అను ఒక్క శబ్దమునకే కానుక యనియు విషమనియు రెండర్థములుండుటను ఆయన యెత్తిచూపెను. మన మహాభారతమునుండి, ముఖ్యముగ అనుశాసనిక పర్వమునుండి, ఆయన ఉదాహరణములు గ్రహించెను. ముయ్యి అను ద్రావిడపదము ఆయన కంటబడియున్నచో మిక్కిలి సంతోషించియుండెడివాడు.

దానమునకును ముయ్యికిని భేదము స్పష్టము. ధర్మశాస్త్రమున దానమనగా దాత తన స్వత్వమును విడిచి పాత్రునికి స్వత్వము కల్పించుట, ప్రత్యుపకారాపేక్ష యుండరాదు. ముయ్యిలో స్వత్వము మాఱును గాని సంబంధము తెగదు. ఇచ్చినవాడు ఎదురుచూచును, పుచ్చుకొన్నవాడు జ్ఞాపక ముంచుకొనును. అందులకే పుస్తకము. ‘చదివింపు’ అను మాటయందే దాని బహిరంగత్వ మున్నది. ఫలానా ఊరి ఫలానావారు ఇంత యిచ్చిరని సభలో ఎలుగెత్తి చదువుటచేత ఊరంతయు సాక్షియగుచున్నది. ఇట్లు చూచినచో కట్నాల పుస్తకము గడువులేని, వడ్డీలేని, పత్రములేని పెద్ద చిట్టీ. ఒక కుటుంబమునకు జీవితమున రెండు మూడు మాఱులు మాత్రమే వచ్చు పెద్దఖర్చును నూఱిండ్లవారు తలా కొంచెము మోయుదురు. వారి ఖర్చులను ఈ కుటుంబము ఇరువది ముప్పది యేండ్లపాటు కొంచెము కొంచెముగా మోయును. ఎన్నడో నూటపదార్లు వ్రాయించినవానికి నేడు నూటపదార్లే వ్రాయించుట లెక్కకు సరిపోయినను మర్యాదకు సరిపోదు. కొంత యెక్కువ వ్రాయింపవలెను. ఆ యెక్కువయే లెక్కను తేలనీయక, సంబంధమును తెగనీయక నిలుపునది.

ఈ నూటపదార్ల సంగతి ఇచ్చట కొంత విచారింపదగినది. నూఱు, ఐదువందలు, వేయి అని పూర్ణసంఖ్య నిచ్చుట శుభము కాదని, దానిపై పదహారు చేర్చుట తెలుగువారి యాచారము. దీనికి తెలంగాణమున ఒక కథ చెప్పుదురు. నిజాము రాజ్యపు హాలీ సిక్కాకును ఇంగ్లీషువారి కల్దారు రూపాయికిని మాఱకపు రేటు భేదముండెడిది. నూఱు కల్దార్లకు హాలీ నాణెమున 116 రూపాయల 10 అణాల 8 పైసలు. కావున హాలీలో నూఱు కల్దార్ల విలువగల కానుక నిచ్చుటకై నూటపదహారు ఇచ్చుట పుట్టినదని ఆ కథ. రేటు నిజమే, కథ నిలువదు. ఈ లెక్కను వేయి కల్దార్లకు 1,166 హాలీ రూపాయలు కావలెను గాని, మనవా రిచ్చునది వేయినూటపదార్లు. పైగా హాలీ నాణెము చెల్లని గోదావరి, విశాఖపట్టణ ప్రాంతములందును ఈ యాచారము ఇంతే బలముగ నున్నది. రూపాయికి పదహా రణాలు గనుక పదహారు సమగ్రతకు చిహ్నమైనదనుట ఇంతకన్న సమంజసముగ తోచుచున్నది. ఏది యెట్లున్నను హాలీ సిక్కా 1950 దశాబ్దమున చెలామణి తప్పినది, అణాల లెక్క 1957లో పోయినది. పదహారు మాత్రము పోలేదు. పేదింటి ఆడుపిల్లల పెండ్లికై తెలంగాణ ప్రభుత్వము 2014 అక్టోబరు 2న ప్రారంభించిన కల్యాణలక్ష్మి, షాదీముబారక్ పథకములందు మొదట 51,000 రూపాయ లిచ్చెడివారు. 2017లో అది 75,116, 2018లో 1,00,116 అయినది. ప్రభుత్వమును కట్నము వ్రాయించు బంధువులలో ఒకటియైనదన్న మాట. ఆ చెక్కు వధువు తల్లిపేర నిచ్చుట గమనింపదగిన విశేషము. దాని ప్రాముఖ్యము ముందు తెలియును.

ఇక స్థలము. చేవెళ్ళ, మొయినాబాదులు హైదరాబాదునుండి బీజాపురము పోవు బాటపై నున్నవి. బాటకు ఇరువైపుల నున్న ముదుసలి మఱ్ఱిచెట్లు ప్రసిద్ధములు. నిజాముల పాలనలో నగరము చుట్టును వ్యాపించియుండిన అత్రాఫ్ బల్దా జిల్లా ప్రధానముగ సర్ఫేఖాసు, అనగా నిజాము సొంత యెస్టేటు. 1948 సైనికచర్య తరువాత, 1949లో సర్ఫేఖాసు భూములు ప్రభుత్వపు భూములలో విలీనమైనవి. 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లాకు, మొయినాబాదు మండలమందలి పెదమంగళారమున జన్మించి 1936లో షాద్‌నగరు ఆంధ్రమహాసభకు అధ్యక్షత వహించిన కొండా వెంకటరంగారెడ్డి పేరు పెట్టబడినది. 1908 మూసీవఱదల తరువాత కట్టిన గండిపేట జలాశయము 1920లోను, హిమాయతుసాగరు 1927లోను పూర్తియైనవి. ఆ నీటిపరీవాహమును కాపాడుటకై 1996 మార్చిలో వెలువడిన 111వ నంబరు ఉత్తరువు 84 గ్రామములలో పెద్దకట్టడములను, కర్మాగారములను నిషేధించినది; 2022లో ప్రభుత్వము ఆ నిషేధమును సడలించినది. ఈ నేలలో కూరగాయలు, పూలు విస్తారముగ పండును. నగరపు పెండ్లిండ్లలో పందిళ్ళకు, దండలకు ఎక్కు బంతి, చేమంతి, గులాబీలలో ఈ పొలములవి కొల్లలు. నేడు ఆ బాటవెంబడి తోటలు, కల్యాణమండపములు వెలసి, నగరమువారి పెండ్లిండ్లే ఇచ్చటికి తరలివచ్చుచున్నవి. పరుల పెండ్లికి పూలమ్ము రైతునకు తన బిడ్డ పెండ్లినాడు ఆసరాయగునది ఆ మూడు గడుల పుస్తకమే.

ముయ్యి సమానులమధ్య నడచునది. అసమానులమధ్య నడచినదానికి మఱియొక పేరున్నది: నజరానా. క్రిందివాడు పైవానికి సమర్పించును. తిరిగి వచ్చునది దర్శనము, లేదా అది సైతము లేదు. తెలంగాణపు జాగీరు గ్రామములలో దొర యింట పెండ్లియైనను, రైతు తన యింట పెండ్లి చేసికొన్నను, ఇచ్చుకొనవలసినవాడు రైతే. ఈ సందర్భమున 1947 నవంబరు నెల జ్ఞాపకము వచ్చుచున్నది. ఆ నెల 20వ తేదీన లండనులో ఎలిజబెత్తు రాకుమారి వివాహము జరిగినది. ఏడవ నిజాము కార్టియే అను ఆభరణశాలనుండి వజ్రకిరీటమును, వజ్రహారమును కానుకగా నిచ్చెను. మహాత్మాగాంధి తాను వడికిన నూలుతో అల్లించిన చిన్నవస్త్రమును పంపెను. నిజాము సొంత ఆదాయమునకు సర్ఫేఖాసు భూముల శిస్తు ఒక ప్రధానాధారము. చేతిలోని సొమ్ము ఏ చేతులమీదుగా వచ్చినదో తలపోయని కానుకకును, తన వ్రేళ్ళతో తీసిన దారమునకును గల తారతమ్యము ఈ వ్యాసవిషయమునకు దూరమైనది కాదు.

పెండ్లిఖర్చు రైతు ఋణమునకు ప్రధానహేతువా యను చర్చ పాతది. 1875 నాటి దక్కను రైతుల అలజడిని విచారించిన సంఘము, ఈ ఖర్చును లోకులు ఉన్నదానికన్న పెద్దదిగ చూపుచున్నారని అభిప్రాయపడెను. పంజాబు రైతులను గూర్చి 1925లో గ్రంథము వ్రాసిన మాల్కము డార్లింగు దీనికి హెచ్చు ప్రాధాన్య మిచ్చెను. షామీరుపేటను గూర్చి 1955లో వెలువడిన ఎస్. సి. దూబే ‘ఇండియన్ విలేజ్’ నగరసమీపపు పల్లెజీవనమునకు మనకున్న మంచి చిత్రము. చేవెళ్ళవంటి ఊళ్ళను గూర్చి వ్రాయదలచినవారికి అది నేటికిని మార్గదర్శి. నా తలంపున ఖర్చును మాత్రమే కాక వచ్చిన ముయ్యిని, మున్ముందు చెల్లింపవలసిన ముయ్యిని కలిపి చూచినగాని ఒక పెండ్లి లెక్క తేలదు.

ఇప్పుడు నూతన దంపతుల సదుద్దేశమునకు వత్తము. కొందఱు శుభలేఖలయందు దీవెనలే కానుకలని, పైకము స్వీకరింపబడదని అచ్చొత్తించుచున్నారు. చూచుటకు ఇది త్యాగము. కాని పందిటికి వచ్చిన కూలివాడు తాను తెచ్చిన నూటొక్క రూపాయిని తిరిగి జేబులో వేసికొని పోవలసివచ్చినప్పుడు అతనికేమి మిగులును? అతని కూతురి పెండ్లికి ఈ యింటివారు పూర్వము వ్రాయించియున్నచో అతడు ఋణము తీర్చుకొను నవకాశమును కోల్పోవును. వ్రాయించియుండనిచో, నేనును మీతో సమానుడనే యని సభలో చదివించుకొను హక్కును కోల్పోవును. పుచ్చుకొనుటయు మోస్ చెప్పిన విధులలో ఒకటి. పేదవాని ముయ్యిని నిరాకరించుట ధనవంతునికి సుఖమే గాని ఔదార్యము కాదు.

వచ్చినదంతయు ధర్మకార్యమున కిచ్చివేయుట మఱియొక మార్గము. ఇందులో చిక్కు వేఱు. ఆ పైకమును తిరిగి చెల్లింపవలసినవాడు ఎవడు? పుస్తకము తండ్రి పెట్టెలో నుండును. పందిటి కూలి, వంటవాని కూలి, కిరాణా బాకీ తండ్రివే. మున్ముందు ఆ పేళ్ళలో నొక్కొక్కరి యింట శుభకార్యము వచ్చినప్పుడు బయలుదేరి పోయి వ్రాయింపవలసినవాడును తండ్రియే. కుమారుడు దాత యని పేరు పొందును; ఋణస్థుడు తండ్రి. కావున వధూవరులు పైకమును మాత్రమే కాదు, పుస్తకమును సైతము స్వీకరింపవలెను. ఎవరి కెంత యీయవలసియున్నదో తమ చేతులతో ఎత్తివ్రాసికొని, ఆ చెల్లింపు ఇకమీద మాదని పెద్దలకు చెప్పిన దంపతులకే ఆ పైకముపై దానాధికారము కలుగునని నా యభిప్రాయము. పెద్దలు దీనికి ఒప్పుకొనుట సులభము కాదు. పుస్తకముతోపాటు వారి పలుకుబడియు చేయి మాఱును గదా.

అసలైన చిక్కు ఇంతకన్న లోతైనది. వచ్చినదానిలో వధువున కిచ్చినదెంత? మనువు ఆఱు విధములైన స్త్రీధనమును పేర్కొనెను. అగ్నిసాక్షిగా నిచ్చినది, అత్తవారింటికి పోవునప్పు డిచ్చినది, ప్రీతితో నిచ్చినది, తల్లి, తండ్రి, సోదరు లిచ్చినవి. బంధువులు ప్రీతితో నిచ్చిన సౌదాయికముపై స్త్రీకి పూర్తిస్వాతంత్ర్యము గలదని కాత్యాయనుడు చెప్పెను. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్యను రచించిన విజ్ఞానేశ్వరుడు కల్యాణపురమువాడు. అనగా నేటి బసవకల్యాణము, 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రములోనిది. ఆ శాస్త్రమును పదుమూడవ శతాబ్దిలో మూలఘటిక కేతన ‘విజ్ఞానేశ్వరీయ’మను పేర తెనిగించెను, తెలుగున ధర్మశాస్త్రమునకు అది తొలికృతి. స్త్రీధనము స్త్రీదేయని నిర్ణయించిన ఆ స్మృతిలోనే ఒక మినహాయింపు కలదు. కఱవునందును, ధర్మకార్యమునందును, వ్యాధియందును, నిర్బంధమునందును భర్త గ్రహించిన స్త్రీధనమును తిరిగి యీయ నక్కఱలేదు.

కఱవు, వ్యాధి, నిర్బంధము అర్థమగును, అవి ఆపదలు. ధర్మకార్యము ఆపద కాదు. కాని ధర్మమునకై భార్యసొమ్ము తీసికొన్నవాడు తిరిగి యీయవలసిన పనిలేదని స్మృతి చెప్పినది. ఎన్ని ఉదారకార్యములు ఈ మినహాయింపు నీడలో జరిగినవో ఊహింపవచ్చును. మెడలోని గొలుసు నిచ్చిన యిల్లాలి పేరు శిలాఫలకములపై ఉండదు, భర్తపేరుండును. నేటి దంపతులు కలిసి నిర్ణయించితిమని చెప్పునప్పుడు సైతము, వారము దినముల క్రితము క్రొత్తయింట కాలుమోపిన పిల్ల ‘వద్దు’ అనగల స్థితిలో నున్నదా యను ప్రశ్న వదలదు. మహమ్మదీయ వివాహమున మహరు వధువు సొంతమని నికాహు సమయముననే పలికి వ్రాయుదురు. ఆ స్పష్టత హిందూవివాహపు కట్నాల పుస్తకమున లేదు. ఆధునిక శాసనములు మార్గము నిర్దేశించినవి. 1956 హిందూ వారసత్వశాసనము స్త్రీని తన ఆస్తికి సంపూర్ణ స్వామినిగ చేసినది. స్త్రీధనము భర్తయింట నున్నంతమాత్రమున ఉమ్మడిసొత్తు కాదని 1985లో ప్రతిభారాణి వ్యాజ్యమున సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. శాస్త్రపు మినహాయింపునకు ఇక న్యాయస్థానమున బలము లేదు. ఇంటిలో ఉన్నదా లేదా యనునది వేఱుమాట.

అట్లయిన ఔదార్యమున కేదీ త్రోవ? చరిత్రలో ఒక పెండ్లి నాకు త్రోవ చూపినది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగము తన యింట మొదటి వితంతువివాహమును జరిపించెను. వధువు గౌరమ్మ, వరుడు గోగులపాటి శ్రీరాములు. ఆ పెండ్లికి పోయినవారికి, తోడ్పడినవారికి సంఘబహిష్కారము సంప్రాప్తించినది. ముయ్యి దృష్టితో దీనిని చూడుడు: బంధువులు రాని పెండ్లిలో చదివింపు లెక్కడివి? వెలిపడినవానికి రావలసిన పాతబాకీలు సైతము రావు. ఆ లోటును పూరించినది కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య ధనసహాయము, కొందఱు విద్యార్థుల శారీరకసహాయము. ముయ్యి తెగినచోట దానము వచ్చి నిలిచినది.

నేటికిని చదివించువారు లేని పెండ్లిండ్లు కలవు. కులము దాటి పెండ్లాడి 1954 ప్రత్యేకవివాహశాసనము క్రింద కార్యాలయమున సంతకములు చేసినవారు. తల్లిదండ్రులు లేని పిల్లలు. వలసవచ్చి ఇటుకబట్టీలలో పనిచేయువారు. వారికెవరును ఋణపడిలేరు, కావున వారి పుస్తకము ఖాళీ. తమ పుస్తకము నిండిన దంపతులు అట్టి పెండ్లికి స్వయముగ పోయి, తమ పేరు, ఊరు చెప్పి, నలుగురిలో చదివించి వ్రాయించుట నాకు మిక్కిలి ఉచితముగ తోచుచున్నది. అది బిచ్చము కాదు, ముయ్యి. పుచ్చుకొన్నవారికి తలవంపు లేదు. ఏనాడో ఒకనాడు వారును వచ్చి వ్రాయింతురు. అనాథాశ్రమమునకు చెక్కు పంపుటకన్న ఇది కష్టము. పిలువని పేరంటము కాకుండ పిలిపించుకొనగల పరిచయము ముందుగ కావలెను.

ఎంత యీయవలెనను దానికి వినోబా లెక్క యొకటి కలదు. 1951 ఏప్రిలున హైదరాబాదు దాపునగల శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనము ముగించుకొని బయలుదేరిన ఆయనకు 18వ తేదీన పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి నూఱెకరముల భూమి నిచ్చుటతో భూదానోద్యమము పుట్టినది. తరువాత ఆయన యడిగినది ఆఱవ పాలు. ఇంట ఐదుగురు కొడుకులున్నచో నన్నాఱవవానిగా నెంచి నా భాగమిండనెను. మఱికొంత కాలమునకు ప్రారంభించిన సంపత్తిదానమున పైకమును తాను ముట్టక, దాతయే తన యొద్ద నుంచుకొని తానే ఖర్చుచేసి లెక్క చెప్పవలెనని నియమము పెట్టెను. భూదానపు భూములలో సాగుకు రానివి, చేతికందనివి ఎన్ని యున్నవో మనమెఱుగుదుము. ఆ యుద్యమపు ఫలితములను గూర్చి నాకు భ్రమలు లేవు. కాని భాగమనుమాట దానమనుమాటకన్న మంచిదనుటలో సందేహము లేదు. వధువు సొమ్ము వేఱుచేసి, ముయ్యి చెల్లింపునకు కావలసినది నిలువచేసి, మిగిలినదానిలో ఆఱవపాలు తీయు దంపతులకు ఆ పాలు చిన్నదిగనే కనబడవచ్చును. ఏటేట దానిని కొనసాగించినచో చిన్నది కాదు. సంతానమును దీవించి పంపు పెండ్లిలో, పుత్రునితోపాటు చెఱువును, వనమును సంతానములుగ లెక్కించిన సప్తసంతానసంప్రదాయమును జ్ఞప్తి చేసికొనుట అసందర్భము కాదు. గండిపేటకు నీరందించు నేలలో చెఱువుపూడిక ఒక్క ఊరి పని కానేకాదు.

మొయినాబాదు మండలమున చిలుకూరు బాలాజీ దేవాలయ మున్నది. (1941లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్రమహాసభ జరిగిన చిలుకూరు ఇదికాదు, అది నల్లగొండ సీమలోని హుజూరునగరు వైపుది. పరిశోధకవిద్యార్థులు ఈ రెంటిని పొరబడుట కలదు.) ఈ దేవాలయమున హుండీ లేదు. కోరిక కోరుకొనునప్పుడు పదునొకండు ప్రదక్షిణములు, అది తీరినపిదప నూటయెనిమిది ప్రదక్షిణములు చేయుట భక్తుల యాచారము. ఇచ్చటను ముయ్యియే, పుచ్చుకొన్నదానికన్న హెచ్చుగ తిరిగి యిచ్చుటయే. ఐతే చెల్లింపు పైకముతో కాదు, కాళ్ళతో. క్రొత్తదంపతులు పెక్కండ్రు పెండ్లియైన వారములోపల ఇచ్చటికి వచ్చి నడచుట చూచునప్పుడు, పుస్తకమున వ్రాయరాని ఋణములను సైతము మనవారు లెక్కపెట్టుకొందురుగదా యనిపించును.

తుదకు ఆ పుస్తకమును గూర్చియే ఒక మాట. ఆంధ్రప్రదేశమున 1958లోను, దేశమంతటను 1961లోను వరకట్న నిషేధశాసనములు వచ్చినవి. ఆచారానుగతమైన పెండ్లికానుకలను నిషేధమునుండి తప్పించుటకై 1984లో కేంద్రశాసనమును సవరించి, 1985 అక్టోబరు 2నుండి కానుకల పట్టికలను గూర్చిన నియమములు అమలునకు తెచ్చిరి. వధువున కిచ్చినవాని పట్టిక వధువు నొద్దను, వరున కిచ్చినవాని పట్టిక వరుని యొద్దను ఉండవలెను. ప్రతి కానుకకు వివరము, ఇంచుమించు విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వము వ్రాయవలెను. రెండింటిపైనను ఇరువురు సంతకములు చేయవలెను. చేవెళ్ళ పందిటిలోని వ్రాయసకాడు ఇంచుమించుగ ఇదే పని చేయుచున్నాడు. ఆతని పుస్తకమున లేనివి బంధుత్వపు గడియు, వధువు సంతకమును. ఆ నియమములలో మఱియొక చిన్న వివరణ మున్నది. వధువు సంతకము చేయ నేరనిదైనచో ఆ పట్టికను ఆమెకు చదివి వినిపించి, చదివినవారి సంతకము గైకొని, పిమ్మట ఆమె వ్రేలిముద్ర వేయింపవలెను. మన పందిళ్ళలో చదివింపులు సభకు వినిపించునట్లు చదువుదురు; శాసనము అడిగిన చదివింపు పెండ్లికూతురు చెవికి.